డాక్టరమ్మ అన్నది ఓట్టం

ఓట్టై అనే మాట ముందు అన్నది డాక్టరమ్మ కాదు. ఈ సంగతి ఇన్నేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. బల్ల మీద పడుకున్నది నేను. డాక్టరమ్మ మొహం నా మొహానికి మూరెడు దూరంలో ఉంది. మా అత్త పచ్చ తెర అవతల, గడగడమని తిరిగే ఫ్యాను కింద నిలబడి ఉంది. ఎవరి చెవులను నమ్మాలో ఎవరికైనా తెలుస్తుంది. మా ఇంట్లో నమ్మింది ఆమె చెవులను.

డాక్టరమ్మ తమిళంలో అన్నది ఇంతే: బిడ్డ గుండెలో రత్త ఓట్టం ఎలా ఉందో చూడాలి, విరుదునగర్‌లో చూపించుకుని రండి. రత్త ఓట్టం అంటే రక్తం పారే తీరు. తెర దాటేసరికి ఆ ఓట్టం కాస్తా ఓట్టై అయింది. ఓట్టై అంటే చిల్లు. మేం తరాలుగా తమిళనాట ఉంటున్న తెలుగువాళ్ళం, ఇళ్ళలో మాట్లాడుకునే తెలుగులో సగం తమిళమే కాబట్టి ఆ మాట మాకు పరాయిది కాదు. కాస్త నలిపి ఓట్ట అంటాం. ఓట్ట బిందె, ఓట్ట చెంబు, ఓట్ట పెంకు. నీళ్ళు నిలవనిది ఏదైనా మాకు ఓట్టే.

నా బిడ్డ కూడా ఆ వరసలో చేరింది, ఇంకా పుట్టకముందే.

నన్ను కోవిల్‌పట్టిలో మా అత్తవాళ్ళ ఇంటికి ఇచ్చింది తొంభైలలో. మా అమ్మా నాన్నా అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసేవాళ్ళు. బడి మానినప్పటి నుంచి పెళ్ళి కుదిరేదాకా నేనూ అక్కడే చట్రాల్లో పుల్లలు పేర్చాను. మా అత్తవాళ్ళది కడలమిఠాయి చేసే ఇల్లు. వేరుశెనగపప్పును బెల్లంపాకంలో కలిపి, పలక మీద పోసి, ముక్కలు కోసి అమ్ముతారు. వాళ్ళూ మాలాంటి తెలుగువాళ్ళే, మాలాగే చెమటోడ్చే వాళ్ళే. కాని బెల్లం వాసన వచ్చే ఇల్లు అగ్గిమందు వాసన వచ్చే ఇంటికన్నా ఒక మెట్టు పైన ఉంటుందని వాళ్ళ లెక్క. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు పాకం మాడబోతోందని నేను గరిటె అందుకున్నాను. అత్త వచ్చి నా చేతిలోంచి దాన్ని తీసుకుంది.

"ఆ చేత్తో వద్దు పిల్లా. మందు వాసన పాకానికి ఎక్కతాది."

అప్పటికి నేను కంపెనీ మానేసి నెల దాటింది. రోజూ సున్నిపిండి పెట్టి తోముకున్న చేతులవి. ఆరోజు నుంచి నాకు పప్పు పొట్టు తీసే పని, కాగితాలు కోసే పని. గరిటె ఆమెది.

తర్వాత చాలా ఏళ్ళు కడుపు పండలేదు. మందు పీల్చిన కడుపు అని ఆమె నాతో ఎప్పుడూ అనలేదు, పక్కింటివాళ్ళతో అనేది, నేను గోడ ఇవతల పప్పు చెరుగుతుండగా. ఒక ఉయ్యాల వేడుకలో పసుపుకుంకుమల పళ్ళెం తిప్పుతూ ఒక బంధువు నన్ను దాటి పక్కామెకు పెట్టింది. ఆమె ఎవరో రాయను. చదివితే ఆమెకే తెలుస్తుంది.

చివరికి రెండువేల సంవత్సరం దాటాక నాకు నెల తప్పింది. ఏడో నెలలో చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు జరిగిందే మొదట చెప్పిన తెర వ్యవహారం. డాక్టరమ్మ నా పొట్ట మీద చిన్న యంత్రం పెట్టింది. గుర్రం పరిగెత్తుతున్నట్టు చప్పుడు గదంతా వినిపించింది. టక టక టక టక. ఉన్నట్టుండి ఒకటి లేదు. మళ్ళీ టక టక టక. మళ్ళీ ఒకటి లేదు.

అగ్గిపుల్లల చట్రంలో ఒక్కో గాడికి ఒక్కో పుల్ల ఉండాలి. ఎక్కడన్నా గాడి ఖాళీగా ఉంటే చూసే మనిషి వేలు అక్కడ ఆగుతుంది. చిన్నప్పుడు ఆ వేలు ఆగిందంటే నాకు చెమటలు పట్టేవి. డాక్టరమ్మ చెయ్యి అలాగే ఆగింది. ఆమె మళ్ళీ విన్నది. అప్పుడు తమిళంలో ఆ మాట చెప్పింది. భయపడాల్సిందేమీ కనిపించడం లేదు, అయినా గుండెకు వేరే స్కాను ఉంది, మదురై నుంచి వారానికి ఒకరోజు విరుదునగర్‌కు డాక్టరు వస్తాడు, ఆయన చూస్తే మంచిది అని కూడా అన్నది. ఈ మిగతా మాటలేవీ తెర అవతలికి వినపడలేదట. ఓట్టై ఒక్కటే వినపడిందట.

ఇంటికి నడిచి వచ్చేదాకా అత్త నాకన్నా నాలుగడుగులు ముందే ఉంది. నేను కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చేసరికి పక్కింటామె గడప మీద ఉంది.

"బిడ్డ గుండెకాయలో ఓట్ట అంటా గదా. పావం."

"ఓట్ట కాదక్కా. ఓట్టం."

"ఆమా. అదే. ఓట్టదా." ఆమా అంటే ఔను, మాట చివర దా తగిలిస్తే అదే మరి అని నొక్కి చెప్పడం.

సాయంత్రం మా ఆయన పాకం పలక మీద పోసి కర్రతో ఒత్తుతున్నాడు. ఆ పని మధ్యలో ఆయన తల ఎత్తడు, చల్లారితే ముక్క కోతకు రాదు. అందుకని తల వంచుకునే అడిగాడు.

"డాక్టరమ్మ ఏం చెప్పినాది?"

నేను నోరు తెరిచేలోపల అత్త అందుకుంది. "ఏం చెప్పతాది. గుండెకాయలో ఓట్ట. నా చెవల్తో విన్నాను."

"అత్తా, రత్త ఓట్టం అన్నాది. రత్తం ఎట్ల పోతాదో చూడాలని."

"అదేదా నేనూ చెప్పేది. ఓట్ట ఉంటేదా రత్తం ఓడతాది. ఓట్ట లేకుంటే ఏమిటికి ఓడతాది?"

తమిళంలో ఓడడమంటే పరిగెత్తడం. మా తెలుగులో ఓడడమంటే కారడం. పుండు ఓడుతుంది, కుండ ఓడుతుంది. డాక్టరమ్మ రక్తం పరుగు గురించి చెప్పింది, మా అత్త రక్తం కారడం విన్నది. రెండు భాషల్లో బతికేవాళ్ళకే ఇలాంటి గతి పడుతుంది. ఏదో ఒక్క భాషే వచ్చి ఉంటే నా బిడ్డకు చిల్లు పడేది కాదు.

"చిన్నప్పట్నుంచి ఆ మందు పీల్చిందాయె. ఎక్కడో ఒగచోట అరిగిపోకుండా ఉంటాదా," అంది అత్త మళ్ళీ.

"అమ్మా, విడు," అన్నాడు మా ఆయన.

నా తరఫున ఆరోజు ఆయన మాట్లాడింది అంతే. కత్తి తీసుకుని గీతలు గీయడం మొదలుపెట్టాడు. గీతలు ఎప్పుడూ తిన్నగా వచ్చేవి. ఆరోజు వంకరపోయాయి. అది నేను చూశాను కాబట్టి ఆయన్ని ఇందులో ఎక్కువ అనడం లేదు.

విరుదునగర్‌కు డాక్టరు వచ్చే రోజుకు ఇంకా వ్యవధి ఉంది. ఆ రోజుల్లో నేను ఏ పని చేస్తున్నా అరచెయ్యి పొట్ట మీదే ఉండేది. బిడ్డ తంతే గుండె బాగుందనుకునేదాన్ని, కాసేపు కదలకపోతే ఆ ఖాళీ గాడి గుర్తొచ్చేది. ఇన్నేళ్ళకు వచ్చింది, వచ్చింది నిలవదా అని ఒక్కటే ఆలోచన.

మా అత్త మాత్రం ఇల్లంతా వెతకడం మొదలుపెట్టింది. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో కారేది ఏదీ ఉండకూడదని ఆమెకు ఆమే ఒక చట్టం చేసుకుంది. పెరట్లో కొళాయి బొట్టుబొట్టుగా కారుతుంటే మనిషిని పిలిపించి బిగించింది. వంటింటి మీద పగిలిన పెంకు మార్పించింది, నాలుగు వానాకాలాలు నేను మొత్తుకున్నా మారని పెంకు అది. ఓట్ట చెంబు పారేసింది. ఆఖరుకు ఆమె కన్ను నా బిందె మీద పడింది.

అది మా అమ్మ పెళ్ళికి ఇచ్చిన ఇత్తడి బిందె. అడుగున సన్నగా చెమ్మ పట్టేది, అంతే. నేను దాన్ని నీళ్ళకు వాడేదాన్ని కాదు, తోమి గూట్లో పెట్టుకునేదాన్ని. ఒకరోజు నేను నిద్ర లేచి వచ్చేసరికి వీధిలో మాట్లు వేసేవాడు కూర్చుని దాని అడుగున ఇంత ముద్ద ఈయం, అంటే తగరం, పోసేశాడు.

"నన్ను అడగకూడదా అత్తా?"

"నువ్వు నిదరపోతా ఉండావు. నిదరపోయేదాన్ని లేపకూడదు." బిందె నిండా నీళ్ళు పోసి, వంగి అడుగు చూసి, ఆమె నాకేసి తిరిగింది. "చూడు. చుక్క పడలా."

విరుదునగర్ వెళ్ళాల్సిన రోజు వచ్చింది. మా ఆయనా నేనూ పోతే చాలు. అత్త తలకు నూనె రాసుకుని, చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది.

"నువ్వేమిటికమ్మా?" అన్నాడు మా ఆయన.

"మీకు డాక్టర్లు మాట్లాడే తమిళం సరిగా తెలవదు. నేను వింటాను."

ఆ మాట దాచుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

బస్సులో ఆమె కిటికీ పక్క, నేను మధ్య, మా ఆయన అంచున, ఒళ్ళో కడలమిఠాయి పొట్లంతో. ఎక్కడికి వెళ్ళినా కోవిల్‌పట్టి వాళ్ళు వట్టి చేతుల్తో పోరు. స్కాను తీయించుకోవడానికి పోతూ మిఠాయి ఎందుకని అడిగితే, "ఉండనీ" అన్నాడు. సాత్తూరులో బస్సు ఆగితే వెళ్ళరికాయ, అదే దోసకాయ, ముక్కలవాళ్ళు ఎక్కారు. అత్త రెండు కొని, కడుపుతో ఉండేవాళ్ళకు అంత చలవ పడదని నాకు ఇవ్వకుండా తానే తిన్నది. దారిలో బస్సు ఎగిరిన ప్రతిసారీ మాత్రం ఆమె చెయ్యి నా మోకాలి మీద పడి గట్టిగా నొక్కేది. దానివల్ల నాకు ఉపయోగమేమీ లేదు, మోకాలు నొప్పి పుట్టింది.

విరుదునగర్‌లో ఆ స్కాను సెంటరు మిరపకాయల గోదాములున్న సందులో ఉంది. వరండాలో కూర్చున్న అందరూ తుమ్ముతున్నారు, దగ్గుతున్నారు. గోడ మీద, బిడ్డ ఆడో మగో అడగడమూ చెప్పడమూ నేరమని బోర్డు. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి ఏం స్కాను అని అడిగింది. నేను సంచిలోంచి డాక్టరమ్మ చీటీ తీస్తున్నాను. అత్త ముందుకు వంగి తమిళంలో చెప్పేసింది.

"హార్ట్‌లో ఓట్టై."

ఆ అమ్మాయి చీటీ చూడనైనా చూడలేదు. చాలాసేపటికి లోపలినుంచి వచ్చి వరండా అంతా వినపడేటట్టు కేక వేసింది. "ఓట్టై కేసు ఎవరు? లోపలికి రండి."

బెంచీ మీద నా పక్కన పూలపూల చీరలో ఒక ఆమె ఉంది, నాలాగే నిండు పొట్టతో. అప్పటిదాకా నాతో మంచిగా మాట్లాడింది. ఆ కేక విని కాస్త పక్కకు జరిగింది. అంటుకుంటుందని కాబోలు. నేను లేచి నిలబడ్డాను. ఒకరే తోడు రావాలన్నారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన లేచేలోపల అత్త తలుపు దగ్గరుంది.

లోపల మసక చీకటి. డాక్టరు నెరిసిన తల మనిషి, మాటలు తక్కువ. పొట్ట మీద చల్లటి జిగురు పూసి యంత్రం పెట్టి తెర వైపు తిరిగాడు. నాకు తెర సగమే కనిపిస్తోంది. బూడిద రంగులో ఏదో కదులుతోంది. ఆయన నొక్కుతాడు, పక్కకు జరుపుతాడు, ఆపి చూస్తాడు, మళ్ళీ జరుపుతాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. అత్త నా తల పక్కన నిలబడి తెలుగులో గొణిగింది.

"పాకం తెర్లతా ఉన్నట్టు ఉండాది. బిడ్డ యాడుండాది ఇందులో?"

"సుమ్మా ఉండు అత్తా, మాట్లాడకు."

తెర మీద ఎర్ర రంగు, నీలం రంగు వచ్చాయి. రెండూ వెలిగి ఆరుతూ ఉన్నాయి. అత్త నా భుజం పట్టుకుంది. ఎర్రగా కనిపించేది కారుతున్న రక్తమని అనుకున్నట్టుంది. నేనూ అదే అనుకున్నాను, ఆమెకు చెప్పలేదు.

అప్పుడు డాక్టరు తెరను మా వైపు తిప్పాడు. తమిళంలో నిదానంగా చెప్పాడు. ఇవి నాలుగు గదులు, నాలుగూ బాగున్నాయి. ఇవి తలుపులు, చూడండి, తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఎర్రదీ నీలందీ రక్తం అటు పోయేది, ఇటు వచ్చేది. తర్వాత వేలితో ఒకచోట తాకాడు.

"ఇదిగో, ఇక్కడ ఓట్టై."

ఆ క్షణం నాకు ఆ గదిలో ఇంకేమీ వినపడలేదు. ఆయన పెదవులు కదులుతున్నాయి. నాకు బదులు అత్త విన్నది. ఆమె "ఆ?" అని మళ్ళీ అడిగితే ఆయన మళ్ళీ చెప్పాడు, అప్పుడు నాకు వినపడింది. కడుపులో ఉన్న ప్రతి బిడ్డకూ ఈ ఓట్టై ఉంటుంది. ఉండాలి. లోపల బిడ్డ ఊపిరి పీల్చదు కదా, అందుకని రక్తం ఈ దారిన ఆ గదిలోంచి ఈ గదిలోకి దాటుతుంది. పుట్టి, ఏడ్చి, ఊపిరి తీసుకున్నాక దీని తలుపు మూసుకుంటుంది. లోపల ఉన్నప్పుడు ఇది లేకపోతేనే కష్టం.

అత్త నిటారుగా నిలబడింది. నాకేసి తిరిగి తెలుగులో అంది.

"నేను చెప్పినా గదా, ఓట్ట ఉండాదని."

ఇన్ని రోజులు నన్ను ఏడిపించిన మాట తప్పు అని తేలాల్సిన చోట, అది ఒప్పు అని తేలింది. దేవుడు ఇలాంటి వాళ్ళ పక్షమే ఉంటాడు. డాక్టరుకు తెలుగు రాదు, అయినా ఆమె గొంతు విని నవ్వాడు. "అవ్వా, మీకూ ఉండింది ఇది, మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు," అన్నాడు.

"నాకా? నాకేం ఓట్ట," అంది అత్త. నేను ఆరోజు మొదటిసారి నవ్వింది అప్పుడే.

మరి ఆ తప్పిపోయే చప్పుడు? ఒక్కోసారి గుండె ఒక దెబ్బ తొందరపడి ముందే కొట్టేస్తుంది, తర్వాత కాస్త ఆగుతుంది, అందుకే తప్పినట్టు వినిపిస్తుందన్నాడు. చాలామంది బిడ్డలకు ఉంటుంది, దానంతట అదే పోతుంది, పోయేదాకా వారం వారం కోవిల్‌పట్టిలో విని చూసుకోండి అన్నాడు. కంపెనీ మందు సంగతి నేనే అడిగాను, అత్త వినేటట్టు. ఎప్పుడో మానేసిన పనికీ దీనికీ సంబంధం లేదన్నాడు. కాఫీ తాగుతావా అని అడిగాడు.

"తాగుతాను డాక్టర్. పొద్దున ఒక పెద్ద గ్లాసు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. మా అత్తే ఇస్తుంది. చిక్కగా ఇస్తుంది."

ఇంత గట్టిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. అత్త వెంటనే అందుకుంది, "బలానికని ఇచ్చినా. డికాషన్ కొంచెమేదా ఏస్తాను." కాఫీ వల్లే అని చెప్పలేం, అయినా తగ్గించండి అన్నాడు డాక్టరు. నాకు అది చాలు.

నేను ఏడవలేదు. ఏడ్చింది అత్త. బయటికి వచ్చి కొంగుతో మొహం తుడుచుకుంటూ మిరపకాయ ఘాటు అంది. ఘాటు వరండాలో ఉంది, లోపలి గదిలో లేదు. మా ఆయన లేచి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "బాగుండాది," అన్నాను. ఆయన మళ్ళీ కూర్చున్నాడు. తర్వాత లేచి మిఠాయి పొట్లం విప్పి వరండాలో ఉన్న వాళ్ళందరికీ పంచాడు. పూలచీర ఆమెకూ ఇచ్చాడు. నేనైతే ఇచ్చేదాన్ని కాదు.

వెళ్ళేముందు నేను బల్ల దగ్గరికి పోయాను. "నాది ఓట్టై కేసు కాదమ్మా. కావాలంటే డాక్టర్ని అడుగు," అన్నాను. ఆ అమ్మాయి సరే సరే అంది. "నువ్వు గట్టిగా పిలిచావు. ఇదీ గట్టిగా చెప్పు," అన్నాను. ఆమె చెప్పలేదు. అందుకని నేనే వరండా వైపు తిరిగి చెప్పి వచ్చాను.

విరుదునగర్ పరోటా నూనెలో వేయిస్తారు, కరకరలాడుతుంది. మా ఆయన మమ్మల్ని హోటలుకు తీసుకుపోయాడు. కడుపుతో ఉండేవాళ్ళకు అంత నూనె పనికిరాదని అత్త మొదలుపెట్టింది. నేను వినలేదు. నాది అయిపోయాక ఆమె తన ఆకులోది ఒకటి నా ఆకులోకి తోసి, "నాకు నూనె పడదు," అంది. ఆమెకు నూనె పడకపోవడం నేను అంతకుముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

కోవిల్‌పట్టిలో పక్కింటామె గడప మీదే కాచుకుని ఉంది. "ఏమాయ?"

"ఓట్ట ఉండాది," అంది అత్త. "అందరికీ ఉంటాది. లేకుంటేదా కష్టమంట. మన బిడ్డకు బాగా ఉండాది."

వారం వారం డాక్టరమ్మ విన్నది. తప్పే చప్పుడు తగ్గుతూ వచ్చింది. ఒక వారం ఎంతసేపు విన్నా ఒక్క గాడీ ఖాళీ లేదు. డాక్టరమ్మ యంత్రాన్ని తీయబోతుంటే ఇంకాసేపు ఉంచమన్నాను. ఉంచింది. ఇప్పుడు తలచుకున్నా నా ఒళ్ళు తేలికవుతుంది.

కూతురు పుట్టింది. పుట్టగానే ఆస్పత్రి అదిరిపోయేటట్టు ఏడ్చింది. తలుపు అవతలినుంచి అత్త గొంతు నాకు స్పష్టంగా వినపడింది. "మూసుకునె. ఓట్ట మూసుకునె." డాక్టరు చెప్పినదాంట్లో ఆమె సరిగ్గా విన్నది ఆ ఒక్కటి.

అయినా పిల్లకు ఇంట్లో ఆ పేరే పడింది. నేను ఎంత పోరాడినా అత్త ఓట్ట అనే పిలిచేది. పిల్లకూ అలవాటైంది, పిలిస్తే పలికేది. బడిలో చేరాక ఒక ఏడాది పరుగుపందెంలో గెలిచి ఇంటికి వచ్చింది. తమిళంలో పరుగుపందేన్ని ఓట్టప్పందయం అంటారు. నేను ఇన్నేళ్ళుగా కాచుకున్నది దానికే. అత్త వాకిట్లో కూర్చుని పప్పు ఏరుతోంది.

"విన్నావా అత్తా. దేనిలో గెలిచింది? ఓట్టంలో. డాక్టరమ్మ ఆరోజు అన్నది ఓట్టం."

అత్త పిల్లను దగ్గరికి లాక్కుని, చెమట పట్టిన రొమ్ము మీద చెవి పెట్టింది. కాసేపు విన్నది. పిల్ల చక్కిలిగింతలని నవ్వుతోంది.

"ఆమా," అంది నాతో. "అదేదా నేనూ చెప్పింది."

బిందె ఇప్పటికీ ఉంది. చుక్క కారదు. ఆ ఈయం ముద్ద మాత్రం అలాగే ఉంది.